సీటు ఒక్కటే

నాకు దొంగలంటే భయం. పడుకున్నాక కూడా లేచి తలుపు గడియ వేశానో లేదో చూసుకుంటాను. 2009 అక్టోబర్ వరదకు కర్నూలు మునిగినప్పటి నుంచి నీళ్లన్నా భయమే. 2021 ఏప్రిల్ నుంచి సాధారణ బీమా కంపెనీలన్నీ ఒకే నిబంధనలతో ఇస్తున్న ‘భారత్ గృహ రక్ష’ పాలసీ తీసుకున్నాను. నిప్పు, వరద, పిడుగు అన్నీ అందులో ఉన్నాయి. గ్యాస్ స్టవ్ కింద వంగి, రబ్బరు పైపు మీద అచ్చువేసిన సంవత్సరం టార్చి వెలుగులో చదువుతాను. అయిదేళ్లు దాటనివ్వను. జాగ్రత్త గల మనిషినని మా ఊరు పాములపాడులో నాకు పేరు.

ఈ జాగ్రత్తలన్నీ వరసగా పెట్టి చూసుకుంటే ఒకటి గుచ్చుకుంటోంది. అన్నీ ఇతరుల నుంచో, ప్రకృతి నుంచో నా మీదికి వచ్చే నష్టానికే. నా వల్ల ఇంకొకరికి జరిగేదాని మాటేమిటి? ఆ వైపు నా బుద్ధి పోనే పోదు.

మిరపకాయలు తెంపే కాలంలో మా ఊరి తెల్లవారుజాము చూడాలి. సద్ది క్యారియర్లు చేత పట్టుకుని ఆడకూలీలు రోడ్డు మీద నిలబడి ఉంటారు. నా ట్రాక్టర్ ట్రాలీ వెనక డోరు దించితే ఒకరి చెయ్యి ఒకరు అందుకుని ఎక్కుతారు. నిండాక కూడా ‘ఇంకొంచెం జరగండమ్మా’ అంటాం. ఇద్దరు మడ్‌గార్డుల మీద కూర్చుంటారు. అక్కడి నుంచి కాలువ గట్టు దారి. మా మండలంలోని బనకచర్ల దగ్గర నీళ్లు తెలుగుగంగ, ఎస్సార్బీసీ, కేసీ కాలువలకు చీలతాయి. చేలకు పోవాలంటే ఏదో ఒక గట్టు ఎక్కక తప్పదు.

2018 ఏప్రిల్ 6న నల్లగొండ జిల్లా వద్దిపట్ల దగ్గర ఇలాగే మిరప చేనుకు పోతున్న ట్రాక్టర్ ఏఎమ్మార్పీ కాలువలో పడి 9 మంది చనిపోయారు. 2020 మే 14న ప్రకాశం జిల్లా రాపర్ల దగ్గర మిరప కూలీల ట్రాక్టర్ కరెంటు స్తంభానికి గుద్దుకుంది. అక్కడా 9 మందే. టీవీలో చూసి ‘అయ్యో’ అన్నాను. మరునాడు మా ట్రాలీ ఎప్పటిలాగే నిండింది.

బీరువాలో చీరల కింద దాచిన ట్రాక్టర్ పాలసీ తీసి చదివితే అందులో రెండే మాటలు నాకు పనికొచ్చేవి. వాడకం: వ్యవసాయ పనులకు మాత్రమే. సీట్లు: 1. ఆ ఒక్కటీ డ్రైవరుది. మోటారు వాహనాల చట్టం ప్రకారం థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. దారిన పోయేవాడికి మా బండి తగిలితే అది ఆదుకుంటుంది. ట్రాలీలో కూర్చున్నవాళ్ల దగ్గరికి వచ్చేసరికి మాట మారిపోతుంది. సరుకు బండిలో ప్రయాణికులుగా ఎక్కినవాళ్లకు పరిహారం ఇచ్చే బాధ్యత బీమా కంపెనీది కాదని సుప్రీంకోర్టు 2002లో ఆశారాణి కేసులో తేల్చింది. ఒక్కోసారి కోర్టులు ముందు కంపెనీనే కట్టమని, తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకోమని చెబుతాయి. వసూలంటే చేను, ఇల్లు.

ఇది తెలిసిన క్షణంలో నాకు మొదట గుర్తొచ్చింది నా చేను. ట్రాలీలో నిలబడ్డ మనుషులు ఆ తర్వాత గుర్తొచ్చారు. ఈ వరస నాకు నచ్చలేదు. కానీ అదే నిజం.

కూలీలను ఎక్కించుకోవడాన్ని, పెళ్లివాళ్లకు ట్రాక్టర్ తాళాలివ్వడాన్ని ఇన్నాళ్లూ సాయం అనుకున్నాను. ‘మామ కాదనడు’ అనిపించుకోవడం బాగుంటుంది. మొహమాటం అని సర్దిచెప్పుకున్నాను. ఇంకాస్త తవ్వితే దాని కింద బాడుగ లెక్క ఉంది. అంతమందిని ఆటోల్లో పంపితే ఎంతవుతుందో నాకు బాగా తెలుసు. ఆ మిగులు నాది, ప్రాణభయం వాళ్లది. దీన్ని సాయం అనడానికి ఇప్పుడు నోరు రావడం లేదు.

మొన్న పదహారేళ్ల మనవడు వరసైన పిల్లోడు ‘తాతా, చేను దాకా నేను తోలుతా’ అన్నాడు. వద్దన్నాను. మైనరు బండి తోలితే యజమానికో, పిల్లవాడి పెద్దలకో మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా అని 2019 సవరణ చెబుతోంది. వాడు అలిగాడు. అలగనీ.

ఇప్పుడు కూలీలు ఆటోల్లో వస్తున్నారు, బాడుగ నాది. పనికొచ్చేవాళ్లకు బ్యాంకులో ప్రధానమంత్రి సురక్షా బీమా రాయించమని చెబుతున్నాను. 18 నుంచి 70 ఏళ్ల లోపువాళ్లకు ఏడాదికి 20 రూపాయలే. ప్రమాదంలో చనిపోతే ఇంట్లోవాళ్లకు 2 లక్షలు వస్తాయి. ఆ ఇరవై నేనిస్తానంటే ఒకామె నవ్వి, ‘మేం చస్తామనే ఇస్తాండావా అన్నా?’ అంది. నా దగ్గర జవాబు లేదు. రెండు లక్షలు ఒక మనిషికి వెల కాదని ఇద్దరికీ తెలుసు.

పెళ్లివాళ్లకు మాత్రం ఇంకా గట్టిగా కాదనలేకపోతున్నాను. ‘బండి రిపేరులో ఉంది’ అని అబద్ధమాడుతున్నాను.

ట్రాక్టర్ ఉన్న రైతులారా, ఈ రోజే మీ పాలసీ కాగితం తీయండి. సీట్ల గడిలో ఏ అంకె ఉందో చూసి, రేపు పొద్దున మీ ట్రాలీలో ఎక్కేవాళ్లను లెక్కపెట్టండి.