తమ్ముణ్ణి ఏమీ అనకు

చిట్టితల్లికి, తాతయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం నిన్న పాడేరులో అందింది. గప్పీ చేపలు తొమ్మిదీ ఒక్క రాత్రిలో పోయాయని చదివి మనసు చివుక్కుమంది. అయితే తమ్ముడు మేత ఎక్కువ వేసి చంపేశాడని, వాడితో మాటలు మానేశానని రాశావు చూడు, అక్కడ ఆగిపోయాను.

మేత ఎక్కువైతే చేపలు చస్తాయి, నిజమే. తినగా మిగిలింది కుళ్ళి అమ్మోనియా పుడుతుంది, అది మొప్పల్ని దెబ్బతీస్తుంది. కానీ చాలాసార్లు ముందే నీళ్ళు మసకబారతాయి, వాసన వేస్తాయి, చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తాయి. నీళ్ళు అద్దంలా ఉన్నాయని, సాయంత్రం దాకా చేపలు హుషారుగా తిరిగాయని నువ్వే రాశావు. రోగమైతే మామూలుగా ఒకటొకటిగా పోతాయి. చలి అనుకోవడానికి ఇది పుష్యమాసం కాదు. ఆ రోజుల్లో మీ అరకులో రాత్రులు 10 డిగ్రీల కిందికి దిగుతాయి, 24 నుంచి 28 డిగ్రీల నీళ్ళు కోరే గప్పీ ఆ చలికి ఆగదు. ఇప్పుడు తొలకరి కదా!

నీ ఉత్తరం చివర ఒక ముక్క ఉంది. ముందురోజు ఇంటి గోడలకు మలేరియా మందు కొట్టి వెళ్ళారని. నువ్వు ఊరి కబురులా రాశావు గానీ నా అనుమానమంతా దాని మీదే. అలాంటి మందుల్లో వాడే పైరిథ్రాయిడ్లు మనకు తెలియనంత కొద్దిగా నీళ్ళలో కలిసినా చేపను చంపేస్తాయి. పైగా గదిలో గాలిని పీల్చి నీళ్ళలోకి పంపడమే నీ తొట్టె పంపు పని. నా చిన్నప్పుడు చేపలు పట్టడానికి గెడ్డ మడుగులో అడవి మంగకాయ దంచి కలిపేవారు. కాసేపటికే చేపలు తేలేవి, జనం వాటిని వండుకు తినేవారు. మొప్ప అంత సున్నితం.

అలాగని మందు కొట్టినవాళ్ళను తిట్టకు. ఏజెన్సీలో మలేరియా జ్వరంతో పోయిన పసిపిల్లల్ని ఈ చేతులతో ఎత్తుకున్నాను. ఆ మందు మన ఇళ్ళకు కావాలి. మళ్ళీ వాళ్ళొచ్చేసరికి చేపల్ని మందు కొట్టని చోటికి చేర్చు.

ఒక్కటి మాత్రం అమ్మను అడుగు: ఆ రోజు తొట్టెలో బావినీళ్ళు పోశారా, బావిలో బ్లీచింగ్ పౌడరు చల్లారా? క్లోరిన్ కూడా ఒక్క రాత్రిలో ఇంత పని చేస్తుంది. అది తేలేదాకా నా మాటనూ అనుమానంగానే ఉంచు.

తొట్టె నీళ్ళు గెడ్డలోకి ఒంపకు, అక్కడా చేపలున్నాయి. తొట్టెలోని ఫిల్టరు స్పాంజి మందు పీల్చుకుని ఉండొచ్చు, పారెయ్యి. అందులో మురుగును విరిచే సూక్ష్మజీవులు ఉండేవి. కొత్త స్పాంజిలో అవి పెరగడానికి నెల పైనే పడుతుంది కాబట్టి మొదట రెండు చేపలే తెచ్చుకో.

ముందు తమ్ముణ్ణి పిలిచి ఈ ఉత్తరం చదివి వినిపించు. తొట్టె ఇద్దరూ కలిసి కడగండి.

మీ తాతయ్య