జన్మను కాదన్న గురువునకు జయంతి

కార్తిక పూర్ణిమనాటి సాయంకాలమున హనుమకొండ వేయిస్తంభముల గుడిలో స్త్రీలు ప్రమిదలు వెలిగించి వరుసలు తీర్చుదురు. అదే తిథిని సిక్కులు గురునానకు జయంతిగా పాటింతురు. తెలుగునాట ఈ సమాజము నిన్న మొన్నటిది కాదు. 1832 ప్రాంతమున మహారాజా రంజిత్ సింగ్ పంపగా నిజాము కొలువునకు వచ్చిన పంజాబు సైనికులలో పెక్కుమంది ఇచ్చటనే స్థిరపడిరి. వారి సంతతివారు దక్కనీ సిక్కులను పేర హైదరాబాదు అత్తాపూరులోను, నిజామాబాదు, కరీంనగరు, వరంగల్లు వంటి పట్టణములలోను నివసించుచున్నారు.

ఈ పండుగను గూర్చి ఆలోచించువారికి ఒక సందేహము కలుగక మానదు. జయంతి యనగా జన్మదినోత్సవము. జన్మమును బట్టి మనుష్యునకు హెచ్చుతగ్గులు లేవని బోధించిన మహనీయుని జన్మమునే ఉత్సవముగా జరుపుట ఎట్లు పొసగును?

నానకు 1469లో తల్వండి గ్రామమున, ఖత్రీ కులమున, గ్రామ లెక్కలు వ్రాయువారి యింట జన్మించెను. ఆ ఊరు నేడు నన్కానా సాహెబు పేర పాకిస్తానులో నున్నది. ఆయన జీవితగాథలైన జనమసాఖీలలో ప్రాచీనమైనవి వైశాఖ మాసమును చెప్పుచుండగా, బాలా పేర ప్రసిద్ధమైనది కార్తిక పూర్ణిమను చెప్పుచున్నది. చరిత్రకారులలో ఎక్కువమంది ఏప్రిల్ 15వ తేదీనే విశ్వసింతురు. అయినను జనులు పూర్ణిమను విడువలేదు. 2003లో సౌరమానము ననుసరించు నానక్‌షాహీ పంచాంగమును అమలుపరచినపుడు సైతము ఈ పండుగను తిథికే వదలివేసిరి. ఇది లోపమని కొందరి తలంపు. కాని పుట్టిన గడియ జాతకము వ్రాయుటకు కావలెను. జాతకముతో గురువునకు పనియేమి?

బాలుడైన నానకు యజ్ఞోపవీతమును నిరాకరించినట్లు జనమసాఖీలు చెప్పుచున్నవి. ఓరుగల్లు సీమ వారికి ఈ కథ వినగానే మరియొక బాలుడు జ్ఞప్తికి రాక మానడు. పాలకుర్తి సోమనాథుడు ద్విపదలో రచించిన బసవపురాణమున బసవన్నయు ఉపనయనము నొల్లడు. ఇరువురి నడుమ మూడు శతాబ్దముల దూరము కలదు. ఒకరినుండి ఒకరు గ్రహించిరని చెప్పుటకు ఆధారము లేదు, చెప్పవలసిన అక్కరయు లేదు. రెండు కథలలోను త్రోసిపుచ్చబడినది కేవలము నూలుపోగు కాదు. పుట్టుకతో శ్రమలేక లభించు గౌరవము. అణచబడినవాడు సమత్వమును కోరుట సహజము. ఆ గౌరవమువలన లాభము పొందవలసినవాడే అది వలదనినప్పుడు ఆ మాటకు గల బరువు వేరు. నానకు అవసానకాలమునను ఈ బరువు తగ్గలేదు. శ్రీచంద్, లఖ్మీదాసులను ఇరువురు కుమారులుండగా, వారిని కాదని లెహనా యను శిష్యునకు అంగదుడని పేరిడి గురుస్థానమున నిలిపెను. లోకమున ఉపనయనమును విడిచిన వారు కొందరైనను కనబడుదురు గాని, కొడుకునకు గద్దె నీయనివారు అరుదు.

ఈ బోధ ఫలించిన తీరు చూచుటకు పంజాబు దాక పోనక్కరలేదు. 1956 వరకు హైదరాబాదు రాజ్యమున నుండిన బీదరు చాలును. దక్షిణయాత్రలో నానకు అచ్చట తీయని నీటి ఊటను వెలువరించెనని ఐతిహ్యము. ఆ తావున నున్నదే నానక్ ఝీరా సాహెబు గురుద్వారా. 1699లో ఆనందపురమున పదవ గురువు గోవిందసింగు తల లిచ్చువారెవ్వరని అడుగగా లేచిన అయిదుగురిలో సాహెబ్‌సింగు ఒకడు. ఆయన ఈ బీదరుకు చెందిన మంగలి. శరణులు కూడిన కల్యాణమును ఆ జిల్లాలోనిదే. అచ్చట మడివాలు మాచయ్య బట్టలుదుకుచునే శరణులలో అగ్రగణ్యుడైన సంగతి బసవపురాణము చదివిన వారెరుగుదురు.

జయంతినాటికి గురుద్వారాలలో ప్రభాత కీర్తనలు, ఊరేగింపు, నలువదియెనిమిది గంటల అఖండ పాఠము జరుగును. అన్నిటికంటె గమనింపదగినది లంగరు. ధనికుడు, కూలివాడు, అన్యమతస్థుడు నేలపై ఒకే వరుసను కూర్చుండి ఒకే రొట్టె, ఒకే పప్పు భుజింతురు. సంపన్నులు చెప్పులు తుడిచి, ఎంగిలిపాత్రలు కడుగుదురు. ఆ వరుసను పంజాబీలో పంగత్ అందురు. అది మన పంక్తియే. మనకును పంక్తిలో వలపక్షము కూడదను సామెత కలదు; అయితే పంక్తిబాహ్యుడను తిట్టును మన భాషయే పుట్టించినది. ఎవరు ఏ కులమున పుట్టిరో అడుగని ఆ పంక్తిలో కూర్చుండినవారికి ముందు చెప్పిన సందేహము నిలువదు. అచ్చట గురువు పుట్టుక పేర జరుగునది తక్కిన అందరి పుట్టుకలను మరచుట.

కాని మరపు నిలుచునా? 1920 అక్టోబరు 12న, తక్కువ కులములనుండి వచ్చి దీక్ష గైకొనిన సిక్కులు కొందరు అమృతసరము స్వర్ణమందిరమునకు కడాప్రసాదము కొనిపోగా, అర్చకులు స్వీకరింప నిరాకరించిరి. గురువు జన్మించి అప్పటికి 451 సంవత్సరములు. ఏటేట జయంతులు జరుగుచునే యుండెను. శరణుల పేరు చెప్పుకొను ఇండ్లలోనైనను, పెండ్లి సంబంధము వచ్చినప్పుడు ఉపకులము అడుగని యిల్లు ఎన్ని యుండును? అమృతసరమున ఆనాడు వాదము పెరిగి, తుదకు గ్రంథమును తెరచి గురువాజ్ఞ కోరిరి. వచ్చిన వాక్యము ఆ వచ్చినవారి పక్షముననే యుండెను. ప్రసాదమును స్వీకరించిరి.