మృతుల యాజ్ఞ

ఒక గృహమునందుఁ గంటికిఁ గానరాని శక్తి ప్రవేశించి, యింటివారి నందఱిని దన చెప్పుచేతలలో నుంచుకొన్నదని విన్నప్పుడు మనము "దయ్యము లున్నవా, లేవా?" యని ప్రశ్నింతుము. మా యభిప్రాయమున నిది మొదటి ప్రశ్న కాదు. ఉన్నదనియే యనుకొందము, దానికి లోఁబడుట ధర్మమా? యనునదియే విచార్యము.

2018వ సంవత్సరము జూలై 1వ తేదీన ఢిల్లీలోని బురారీయందు నొకే కుటుంబమునకుఁ జెందిన 11 మంది మృతులై కనఁబడిరి. మూఁడు తరములవారు, వర్తకము చేసికొని గౌరవముగా బ్రతికినవారు, వారిలో నున్నతవిద్య నభ్యసించిన యువతియు నుండెను. గతించిన యింటిపెద్ద తన కుమారునిపైఁ బూని యాజ్ఞ లిచ్చుచున్నాఁడని వారు నమ్మి, యేండ్లతరబడి యనుసరించిరని పోలీసువారికి దొరకిన వ్రాఁతపుస్తకములవలనఁ దేలినది. వారు చావఁగోరినవారు కారు. కడపటి పూజ ముగియఁగనే యాతఁడు వచ్చి తమ్ము రక్షించునని నమ్మినవారు.

ఆ యాజ్ఞలు మొదట నింటి నడవడిని, నియమమును, ప్రార్థనను గూర్చిన హితోక్తులుగా వచ్చినవి. కీడు మేలు వేషమున వచ్చినది గనుకనే యెవ్వరును దలుపు మూయఁ దలఁపలేదు.

మేము న్యాయవాదవృత్తియం దుండువారము. న్యాయస్థానము మరణవాఙ్మూలమును గ్రహించును గాని మరణానంతరవాఙ్మూలము నెఱుఁగదు. మృతుని పేర మాటాడువాఁడు బ్రతికియున్న మనుష్యుఁడే. వానికి నెదురుప్రశ్న వేయువారు లేనిచో వాని నోట వచ్చినదెల్ల శాసనమగును. ఆ కుమారుఁడు వంచకుఁడని మే మనము, రోగపీడితుఁడై యుండవచ్చును. వైద్యునికడకుఁ గొనిపోవలసినవానిని గురుపీఠ మెక్కించుట వానికిని ద్రోహమే.

"పితృభక్తి మన ధర్మము కాదా?" యని కొంద ఱడుగుదురు. అగును. తండ్రి జీవించియుండఁగా నేర్పిన మంచిని మన బుద్ధితో నెఱిఁగి యాచరించుటయే పితృభక్తి; ఆయన పేరఁ బలికిన ప్రతి మాటకును బుద్ధిని బలియిచ్చుట కాదు. మన తెలుఁగునాఁటను బూనకమునఁ బలికిన పలుకును, భూతవైద్యుఁడు చూపిన వ్రేలిని నమ్మి, నిరపరాధుల మీఁదఁ జేతబడి నెపము మోపి హింసించుట విన్నవారమే కదా!

పరమేశ్వరుఁ డొక్కని నోటనే కాదు, ప్రతివాని యంతఃకరణమునందును మాటాడును. ఆయన ప్రశ్నకు భయపడఁడు. కావునఁ జదువరులారా, మీ యింట మిక్కిలి చిన్నబిడ్డయు, క్రొత్తగా వచ్చిన కోడలును, వెఱపు లేక "ఏల?" యని యడుగఁ గలుగునట్లు చేయుఁడు. ఆ ప్రశ్న వినఁబడు నింట నే దయ్యమును గాపుర ముండఁజాలదు.