తిరిగి యిచ్చిన సొత్తు

దొంగిలించిన వస్తువును చెక్కుచెదరకుండ తిరిగి యిచ్చినవాడు దొంగ యగునా, కాడా? న్యాయస్థానములో ఈ ప్రశ్నకు ఉత్తరము కష్టము కాదు. మన యిండ్లలో మాత్రము పిల్లలు, వారితోపాటు పెద్దలును, అంత సులభముగ తీర్పు చెప్పుటలేదు. జపాను దేశపు బొమ్మల చలనచిత్రములలో తెల్లని దుస్తులు ధరించి, మేడల మీదినుండి వెన్నెలలో ఎగిరిపోవు దొంగ యొకడు కలడు. వానిని చూచి చప్పట్లు కొట్టనివారు అరుదు. ఆ చప్పట్లను గూర్చియే మేమిచ్చట కొంత విచారింప దలచితిమి.

వాని పేరు కైతో కిడ్. గోషో ఆవోయామా అను చిత్రకథా రచయిత 1987లో వానిని నాయకునిగ జేసి యొక కథ ప్రారంభించెను. ఆయనయే 1994లో 'డిటెక్టివ్ కోనన్' అను అపరాధపరిశోధక కథను మొదలిడి, ఈ దొంగను అందులోనికిని అతిథిగ దెచ్చెను. ఆ కథ 1996 జనవరిలో టెలివిజనున కెక్కిన పిమ్మట వాని కీర్తి దేశదేశముల వ్యాపించినది. ఫలానా రాత్రి ఫలానా రత్నమును గొనిపోవుదునని వాడు ముందుగ జాబు వ్రాయును; చెప్పిన వేళకు వచ్చును; రక్తము చిందింపడు. గొనిపోయిన రత్నమును చంద్రుని కెదురుగ పట్టి చూచి, తాను వెదకునది కాదని తెలియగనే యజమానునికి చేర్చును. వాడు వెదకునది పండోరా యను మణి. అది చేజిక్కినవారికి మరణము లేదని నమ్ము దుండగుల ముఠా యొకటి, గారడీవిద్యలో ప్రఖ్యాతుడైన తన తండ్రి తోయిచిని చంపినదని వాని నమ్మకము. ఆ తండ్రియే మొదటి కిడ్. ముసుగు తీసినచో కొడుకు పాఠశాలలో చదువుకొను కురోబా కైతో యను బాలుడు. మణి దొరకిననాడు దానిని తునాతునకలు చేయుదునని వాని ప్రతిజ్ఞ.

ఇట్టి పెద్దమనిషి దొంగలు లోకమునకు క్రొత్తవారు కారు. హార్నంగ్ అను ఆంగ్లేయుడు 1898లో రాఫిల్సును, మోరిస్ లెబ్లాన్ అను ఫ్రెంచి రచయిత 1905లో ఆర్సేన్ లుపేనును సృష్టించిరి. జపానులో ఎదోగావా రాంపో 1936లో ఇరువది ముఖముల దొంగను బాలుర పత్రికలో ప్రవేశపెట్టెను. కథలు చాలవన్నచో, నెజుమి కోజో యను నిజమైన దొంగ ప్రభువుల మేడలు దోచి 1832లో శిరచ్ఛేదము పొందెను. దోచినది బీదలకు పంచెనని జనులు చెప్పుకొనిరి. జూదమునకును విలాసములకును వ్యయపరచెననుటయే సత్యమునకు దగ్గర. అయినను నేటికిని తోక్యో నగరపు ర్యోగోకులో వాని సమాధిరాతిని అదృష్టము కొరకు గీకి పొడి తీసికొనిపోవుచున్నారు. దొరికితే దొంగ, దొరకకున్న దొర యని మనవారనిన మాట యిచట పూర్తిగ పొసగదు. వీడు దొరికిన పిమ్మటనే దొర యయ్యెను.

కిడ్ పక్షమువారి వాదము నాలకింతము. వస్తువు తిరిగి వచ్చినది, ఒకనికిని గాయము తగులలేదు, ఇక నష్టమెవరికి? ఈ వాదమునకు బలము లేకపోలేదు. దానిని తూచుటకు గారడీవాని నుదాహరణముగ గైకొందము. వాడు సభలో నొకరి ఉంగరము నడిగి పుచ్చుకొని, మాయము చేసి, నిమ్మపండు కోసి అందులోనుండి తీసి యిచ్చును. వానిని దొంగ యని యెవరైన నందురా? తిరిగి యిచ్చినందున అనరని తోచవచ్చును. కాని పొరపాటున ఆ యుంగరమును పోగొట్టినచో నేమందుము? అజాగ్రత్తపరుడందుము, పరిహార మడుగుదుము. దొంగ యని మాత్రము అనము. ఇక మనము నిద్రించుచుండగ అపరిచితు డొకడు గదిలో జొరబడి, వ్రేలి యుంగరము నూడదీసి, తెల్లవారకముందే మరల తొడిగి పోయెననుకొనుడు. ఉంగరము ఉన్నచోటనే యున్నది. అయినను ఆ సంగతి తెలిసిన యిల్లాలు నాటిరాత్రి కన్ను మూయగలదా? కావున తిరిగి వచ్చుటలో లేదు భేదము, అనుమతిలో నున్నది. తోయిచి రంగస్థలము మీద చూపినదియు, అర్ధరాత్రమున మేడలలో చూపినదియు హస్తలాఘవ మొక్కటియే. ఒకచోట ప్రేక్షకుడు రుసుము చెల్లించి, తన్ను మోసగింపుమని తానే కూర్చుండెను. రెండవచోట నట్లు కోరినవాడు లేడు.

దీనికి ప్రతిగా సుజుకి జిరోకిచి యను ధనిక వృద్ధుని చూపవచ్చును. కిడ్‌ను పట్టుకొని పత్రికల మొదటి పుటలో తన బొమ్మ చూచుకొనవలెనని యాతని కోరిక. అందుకై తన రత్నములనే ఎరగా పెట్టి, పత్రికాముఖమున దొంగను సవాలు చేసి పిలుచును. జనులు వీధులు నిండి కిడ్ పేరు కేకలు వేయుదురు. ఇచట యజమానుడే పిలిచెను గాన మా యాక్షేపణ సగము వీగిపోవుచున్నది. ఆ కథలను మేమును నిస్సంకోచముగ నవ్వుచునే చూచితిమి.

కోనన్ యను బాల పరిశోధకుని తొలిసారి యెదుర్కొన్నప్పుడు కిడ్ చేసిన పరిహాస మొకటి కలదు: దొంగ సృష్టి చేయు కళాకారుడట, పరిశోధకుడు వాని వెనుక తప్పులు వెదకుచు నడచు విమర్శకుడు మాత్రమేనట. విమర్శకుల మీద మాకును అప్పుడప్పుడు కినుక కలుగుట నిజమే గాని, ఈ మాట వినుటకెంత యింపో విచారించుటకంత కాదు. కుమ్మరికి మన్ను ముడిపదార్థము; మంటికి మానము లేదు. ఈ కళాకారునికి ముడిపదార్థము ఇతరుల జాగరణము, ఇతరుల మర్యాద.

ఆ మర్యాద యెవరిదో రచయితయే స్పష్టముగ చూపినాడు. నకామోరి యను పోలీసు అధికారి తండ్రి కాలమునుండియు కిడ్‌ను తరుముచున్నాడు. వలలు పన్నును, కావలి పెట్టును, రాత్రులు మేల్కొనును. తుదకు రిక్తహస్తములతో, గుంపుల నవ్వులనడుమ నిలుచును. ఆయన కుమార్తె ఆవోకో. కైతోకు ఆమె బాల్యమిత్రురాలు, ఒకే తరగతిలో చదువుచున్నది. తన తండ్రిని నవ్వులపాలు చేయుచున్నాడను కారణముననే ఆమెకు కిడ్ అనిన గిట్టదు. ఆ కోపమంతయు ఆమె వెళ్లగ్రక్కునది యెవరియెదుట? ఆ కైతో యెదుటనే. రత్నము మరునాడు పేటికలోనికి వచ్చినది. నకామోరి పోగొట్టుకొన్నది యే పేటికలో వెదకిన దొరకును?

మృచ్ఛకటికమున శర్విలకుని మన చదువరు లెరుగుదురు. గోడకు కన్నము వేయుచు ఆ కన్నపు సొంపునకు తానే మురిసిన రసికు డాతడు. ప్రియురాలిని దాస్యమునుండి విడిపించుటకే దొంగిలించెను. నగలు తుదకు వసంతసేనకే చేరినవి. కాని నడుమ నేమి జరిగినది? న్యాసముగ నుంచిన సొమ్ము పోయినదని తెలియగనే, భర్తకు నింద రాకుండుటకై చారుదత్తుని భార్య ధూత తన పుట్టింటి రత్నావళిని తీసి యిచ్చివేసెను. కన్నము వేసిననాడు శర్విలకుడు ఆ యిల్లాలిని తలచినవాడు కాడు.

ఇంత యెరిగియు మనము కిడ్‌ను మెచ్చుకొనుట కేమి కారణము? మాకు తోచినది చెప్పెదము, చదువరులు కోపగింపకుందురుగాక. వాని దుస్తులు తెల్లనివి, మాట మృదువైనది, అపహరించునది రత్నము. అంగడిలో రొట్టె అపహరించి పట్టుబడిన చింపిరిబట్టల బాలుని మనము వింతగ చూచి నవ్వము. చెట్టుకు కట్టి కొట్టుచుండగ చూచి యూరకుందుము. దొంగలయెడ మనకుగల దయ ఇదియే యయినచో, అది మొదట చేరవలసిన చోటు ఆకలిగొన్న ఆ బాలుడు. ఈ విషయమున మన యిండ్లలోని బిడ్డలు మనలను గమనించుచున్నారు. వెండితెర మీది దొంగకంటె మన ముఖములనుండియే వారెక్కువ నేర్చుకొందురు.

వానికొక క్షమార్హమైన హేతువు కలదందురు: పితృవధ. కాని 2024లో వచ్చిన చలనచిత్రము తుదిని తోయిచి జీవించియే యున్నట్లు చూపినది. అపహరణములన్నియు చనిపోని తండ్రికై జరిగినవన్నమాట. కొడుకు తెలియక చేసెను. తండ్రి తెలిసియు నూరకుండెను. ఇందులో నెవరి పాపమెంతయో తేల్చుట మాకు సులభముగ తోచుటలేదు.

వానికి ఋణము తీర్చుట తెలియదని మాత్రము చెప్పరాదు. 1999 నాటి చలనచిత్రములో గాయపడిన తన పావురమును కాపాడినందుకు ప్రతిగా, కోనన్ రహస్యము బయటపడనున్న క్షణమున వేషము వేసికొని వచ్చి యాతని గట్టెక్కించును. పావురము నిమిత్తము అంత చేసినవాడు నకామోరికి చెల్లింపవలసిన ఋణమును లెక్కవేసికొనలేడా? అది చెల్లించుటకు రత్నములు పనికిరావు. ఆవోకో యెదుట ముసుగు తీయవలెను. పూర్వము గడియారపు గోపురముచెంత, తండ్రికై కనిపెట్టుకొని ఒంటరిగ నిలిచిన ఆ చిన్నదానికి, చిన్నవాడైన కైతో తన పేరు చెప్పి, వట్టిచేతిలోనుండి గులాబి నొకదానిని తీసి యిచ్చెను. ఆనాడు వాని ముఖమున ముసుగు లేదు.