ఏమీ కాలేదు కదా!

మా ఇంట్లో ఒక గుర్రం ఉంది. దాణా అడగదు, సకిలించదు. మెట్ల కింద గోనెపట్టా కప్పుకుని ఒంటరిగా నిలబడి ఉంటుంది. రాణా ప్రతాప్ గుర్రం పేరు పెట్టుకున్న బజాజ్ చేతక్ స్కూటరు లెండి! 1992 ఏప్రిల్లో, మావారు చిత్తూరులో గుమాస్తాగా ఉన్నప్పుడు కొన్నారు. మరుసటేడు నేను కాపురానికి వచ్చాను. అంటే ఆ ఇంట్లో నాకంటే అదే సీనియరు. సందు దొరికితే చాలు, మావారు ఆ సంగతి నాకు గుర్తు చేస్తూనే ఉంటారు.

సొంత బండికి రిజిస్ట్రేషను పదిహేనేళ్లే. ఆ తర్వాత అయిదేళ్లకోసారి పొడిగించుకోవాలి. 2007లోనూ, 2012లోనూ మావారు మరిచిపోకుండా ఆ పని చేశారు. 2017 వచ్చేసరికి మేము తిరుపతిలో స్థిరపడ్డాం. ఆయనకు మోకాళ్ల నొప్పులు పట్టుకున్నాయి. కిక్కు కొట్టలేక బండికి గోనెపట్టా కప్పేశారు. దాంతోపాటు రిజిస్ట్రేషను గడువూ, ఇన్సూరెన్సూ కూడా ఆ పట్టా కిందికే వెళ్లిపోయాయి.

2023 ఆగస్టులో బెంగుళూరు నుంచి మావాడు ఫోను చేశాడు. పాత బండ్లంటే ఇప్పుడు పిల్లలకు మోజట. "నాన్నా, చేతక్‌ను బాగుచేయించుకుని నేనే వాడుకుంటా" అన్నాడు. మావారికి మోకాళ్ల నొప్పులు ఆ పూటకు మాయమైపోయాయి. వెంటనే కాగితాలు దులిపి కనుక్కోవడానికి బయలుదేరారు. తిరిగొచ్చేటప్పటికి మొహం వాడిపోయి ఉంది.

మోటారు సైకిలుకైనా, స్కూటరుకైనా గడువు దాటితే నెలకు మూడు వందలు ఆలస్య రుసుము. 2016 చివర్లో వచ్చిన నిబంధన అది. మాది డెబ్బై ఆరో నెల. వెరసి 22,800 రూపాయలు. అప్పటి పొడిగింపు రుసుము వెయ్యి దానికి వేరే. పాత ఇనుము అంగడివాడేమో బండి మొత్తానికి అయిదువేలిస్తానన్నాడు. అసలు కంటే వడ్డీ ముద్దంటారు గానీ, ఈ వడ్డీని ముద్దాడేదెట్లా?

"కదలని బండికి ఫీజేమిటే? వాడని కరెంటుకు బిల్లు కట్టమన్నట్టుంది. ఇన్నేళ్లలో బండి ఒక్కసారి కూడా రోడ్డెక్కలేదని ఒక అర్జీ రాద్దాం. తగ్గిస్తే తగ్గిస్తారు, లేకపోతే లేదు. నీ చేతిరాత బాగుంటుంది, నువ్వే రాయి" అన్నారు మావారు.

ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. నేనూ కాగితం, కలం పట్టుకుని కూర్చున్నాను. 'మహారాజశ్రీ' అని మొదలుపెట్టి సాఫీగానే నడిపించాను. 'సదరు వాహనము ఒక్క పర్యాయమైనను' దాకా వచ్చి కలం ఆగిపోయింది.

ఎందుకంటే, బండి రోడ్డెక్కింది. ఆ సంగతి మావారికి తెలియదు. నాకు తెలుసు.

2019 కార్తీకమాసం. సోమవారం. మావారు చిత్తూరులో ఏదో పెళ్లికి వెళ్లారు. సాయంత్రం కపిలతీర్థం వెళ్లి దీపం పెట్టుకోవాలని నాకు ఆశ. ఆటో దొరకలేదు. "నేను తీసుకుపోతా కదమ్మా" అని మావాడు గోనెపట్టా లాగేశాడు. బండిని ఒక పక్కకు వంచి, నిలబెట్టి, నాలుగు కిక్కులు కొట్టేసరికి గుర్రం లేచింది. వాడికి లైసెన్సుంది. బండికి మాత్రం ఏ కాగితమూ లేదు.

వాన పడి రోడ్డు తడిగా ఉంది. గుడి దగ్గర జనం. బ్రేకు పడలేదో, చక్రం జారిందో, పూలబుట్టతో రోడ్డు దాటుతున్న ఒక ముసలమ్మకు బండి తగిలింది. ఆమె కూలబడింది. చామంతులు బురదలో చెల్లాచెదురయ్యాయి. నా గుండె ఆగినంత పనయింది. ఆమె మాత్రం మోకాలు రుద్దుకుంటూ లేచి, "ఏం కాలేదులే నాయినా. నువ్వు బాగుండావా?" అని మావాణ్నే అడిగింది. పూలకని ఇచ్చిన వందరూపాయలు తీసుకుని కుంటుతూ జనంలో కలిసిపోయింది. పేరు అడగాలని కూడా మాకు తోచలేదు. ఇంటికొచ్చి, బండి తుడిచి, పట్టా కప్పేశాం. "నాన్నకు చెప్పొద్దమ్మా. ఏమీ కాలేదు కదా!" అన్నాడు వాడు. నేనూ అదే అనుకున్నాను.

ఈ 'ఏమీ కాలేదు కదా' అనే మాట మన ఇళ్లలో రోజుకెన్నిసార్లు వినబడుతుందో లెక్కపెట్టండి. గ్యాసు కట్టేయడం మరచి గుడికి వెళ్లొస్తాం. పసిబిడ్డను ఒక్క నిమిషమేగా అని వదిలి పక్కింటికి వెళతాం. ఏమీ కాకపోతే అది మతిమరుపు, నవ్వుకుంటాం. పొరపాటున ఏమైనా అయితే అదే పని పాపం, ఊరంతా ఆ తల్లిని ఆడిపోసుకుంటుంది. ఇద్దరు తల్లులు చేసిందీ ఒక్కటే. ఒకామెకు అదృష్టం తోడైంది, ఇంకొకామెకు కాలేదు. మరి మంచీ చెడూ మన చేతుల్లో ఉన్నట్టా, అదృష్టం చేతుల్లో ఉన్నట్టా?

ఎస్వీ యూనివర్సిటీలో ఫిలాసఫీ చదివిన మా ఆడపడుచు కూతురు చెప్పింది, 1976లో బెర్నార్డ్ విలియమ్స్, థామస్ నేగెల్ అనే ఇద్దరు తత్వవేత్తలు ఈ ప్రశ్న మీదే పెద్ద చర్చ లేవదీశారట. వాళ్లకూ అది తేలిగ్గా తెగలేదట. నాకు తెగుతుందని కాదు గానీ, ఆ అర్జీ ముందు కూర్చున్నప్పుడు ఒకటి మాత్రం తోచింది.

బండికి నంబరు ఎందుకు? 1893లో పారిస్ పోలీసులు మోటారు బండ్ల మీద యజమాని పేరు, చిరునామా, నంబరు ఉండాలని ఆజ్ఞాపించారు. అలంకారానికి కాదు. ఆ బండి ఎవరికైనా తగిలితే, తగిలించిన వాళ్లెవరో తెలియాలని. మన 1988 చట్టం రోడ్డెక్కే ప్రతి బండికీ ఎదుటివారి నష్టానికి బీమా ఉండి తీరాలనడమూ అందుకే. కాగితం సర్కారు కోసమని మనం అనుకుంటాం. నిజానికి అది మనకు ముక్కూ మొహం తెలియని ఆ పూలమ్మ కోసం. 'నా వల్ల నీకు ఏమైనా అయితే నేను పారిపోను, ఇదిగో నా పేరు' అని ముందుగానే ఇచ్చే మాట అది. ఆ సాయంత్రం మేము ఆ మాట ఇవ్వకుండా రోడ్డెక్కాం. ఆమె కాలు విరగకపోవడం ఆమె అదృష్టం, మా అదృష్టం. అందులో మా మంచితనం ఏమీ లేదు.

అర్జీ చించేశాను. మావారి దగ్గరకు వెళ్లి నాలుగేళ్ల నాటి ముచ్చట మొత్తం చెప్పేశాను. అరుస్తారనుకున్నాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆమెకు దెబ్బ గట్టిగా తగల్లేదు కదా?" అన్నారు. "కుంటుకుంటూ వెళ్లింది. ఆ తర్వాత నాకు తెలీదు" అన్నాను. ఆ 'తెలీదు' అనడం ఎంత కష్టమైందో చెప్పలేను. ఆయన ఇంకేమీ అడగకుండా కళ్లజోడు పెట్టుకుని బ్యాంకు పుస్తకం తీశారు.

ఇరవై రెండువేల ఎనిమిది వందలూ కట్టాం. ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది అచ్చు తీసుకున్నారు, తనిఖీ చేశారు, కొత్త కార్డు వచ్చింది. 2022లో తిరుపతి వేరే జిల్లా అయినా, మా గుర్రం మెడలో ఇంకా పాత చిత్తూరు జిల్లా ఏపీ 03 నంబరే.

సర్కారు లెక్క తీరింది. రెండో లెక్కకే రసీదు దొరకలేదు. ఆ తర్వాత ప్రతి కార్తీక సోమవారం కపిలతీర్థం దగ్గర పూలమ్మే ముసలమ్మల మొహాలు వెతుకుతున్నాను. ఆమె కనబడలేదు. కనబడ్డ వాళ్ల దగ్గరే మూరో, రెండు మూరలో బేరమాడకుండా కొంటున్నాను.

మొన్న మావారు గుర్తుపట్టారు. "నువ్వు బేరమాడకుండా కొనడమా! ఏమిటే సంగతి?" అన్నారు.

"లేటు ఫీజండీ" అన్నాను.