వంగితే లేని నొప్పి

మా అమ్మ శనక్కాయ చేనులో పొద్దున్నించి మధ్యాహ్నం దాకా కలుపు తీయగలదు. ప్రొద్దుటూరు బస్టాండులో పులివెందుల బస్సు కోసం పది నిమిషాలు నిలబడలేదు. ఈ రెండూ ఒకే మనిషి విషయంలో ఎట్లా నిజమవుతాయో నాకు చాన్నాళ్ళు అర్థం కాలేదు. పని తప్పించుకోడానికి నొప్పి అనేవాళ్ళని చూశాం గానీ, నొప్పి తప్పించుకోడానికి పనిలోకి పోయే మనిషిని చూడలేదని ఇంట్లో నవ్వుకున్నాం కూడా. ఆ నవ్వు ఇప్పుడు గుర్తొస్తే బాగుండదు.

"నిలబడుకుంటే పిక్కలు గుంజుతాయి రా. వంగుకుంటే ఏం లేదు." అమ్మ చెప్పిన ఈ రెండు ముక్కల్లోనే రోగం మొత్తం ఉంది.

నడుము దగ్గర వెన్నుపూసల లోపల నరాలు దిగే దారి వయసుతో ఇరుకవుతుంది. వెనకవైపు లిగమెంటు మందమవుతుంది, కీళ్ళు పెరుగుతాయి, డిస్కు ఉబ్బుతుంది. నిటారుగా నిలబడితే ఆ దారి ఇంకాస్త మూసుకుంటుంది, ముందుకు వంగితే తెరుచుకుంటుంది. 1954లో హెంక్ వెర్బీస్ట్ అనే డచ్ న్యూరోసర్జన్ ఈ లక్షణాలనీ, ఈ ఇరుకునీ కలిపి వివరంగా రాశాడు. అమెరికాలో డాక్టర్లు సూపర్ మార్కెట్లో ట్రాలీ మీద వాలితేనే నడవగలిగేవాళ్ళ గురించి చెబుతారు. పులివెందుల పక్క పల్లెలో ట్రాలీ ఎక్కడిది? కలుపు చేను ఉంది.

ఎమ్మారై ప్రొద్దుటూరులో తీయించి, ఫిల్ములు పట్టుకుని హైదరాబాద్ తీసుకుపోయాను. సర్జన్ మర్యాదస్తుడు. "చిన్న గాటేనండీ, రెండు సెంటీమీటర్లు. మర్నాడే నడిపిస్తాం" అన్నాడు. "సరే డాక్టర్" అన్నాను. అమ్మ పక్క కుర్చీలోనే ఉంది, ముందుకు వంగి, మోచేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని.

రాత్రి నిద్ర పట్టలేదు. 'చిన్న' అన్నది ఏ కొలత? తోలుకీ, కండకీ సంబంధించిన కొలత. 1997లో ఫోలీ, స్మిత్ అనే ఇద్దరు సర్జన్లు సన్నటి గొట్టం లోంచి డిస్కు ఆపరేషన్ చేసే పద్ధతి చెప్పారు. తర్వాత అదే దారిని ఈ ఇరుకుకీ వాడుకున్నారు. కండల్ని ఎముక నుంచి ఒలిచేయకుండా పక్కకి జరుపుతారు. నెత్తురు తక్కువ పోతుంది, ఇంటికి త్వరగా రావచ్చు. ఇవన్నీ నిజం. కానీ లోపల చెక్కాల్సిన ఎముక అదే, తీయాల్సిన లిగమెంటు అదే, నరాల చుట్టూ ఉండే పొర చిరిగే ప్రమాదం అక్కడా ఉంటుంది. ఇలాంటి పద్ధతుల్ని పాత పెద్ద ఆపరేషన్‌తో పోల్చిన పరిశోధనల్ని 2015లో కాక్రేన్ వాళ్ళు సమీక్షిస్తే కాళ్ళ నొప్పిలో స్పష్టమైన తేడా తేలలేదు.

గాటు చిన్నదైంది. దాంతోపాటు ప్రశ్న కూడా చిన్నదైపోయినట్టు నేను ప్రవర్తించాను. నా ఉద్యోగంలోనూ ఇదే కిటుకు. 'ఒప్పుకుంటున్నాను' అన్న బటన్ ఎంత సులువుగా నొక్కించగలిగితే అంత మంచి డిజైన్ అంటాం.

ఇది ప్రాణం మీదికొచ్చిన రోగం కాదు. కాళ్ళు చచ్చుబడటం, మూత్రం మీద పట్టు పోవడం లాంటివి లేనంతవరకూ తొందర లేదు. ఆపరేషన్ లేకుండా ఏళ్ళ తరబడి అట్లాగే ఉండిపోయేవాళ్ళు చాలామంది. అప్పుడు ఎంత నొప్పి భరించాలి, దేనికోసం భరించాలి అన్నదానికి ఎమ్మారైలో జవాబు ఉండదు.

2008 జనవరిలో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు దీని దగ్గరికే వచ్చింది. లాపరోస్కోపీ పరీక్ష కోసం మత్తిచ్చిన మనిషికి, బయట కూర్చున్న తల్లి ఒప్పుకుందని గర్భసంచి తీసేశారు. అత్యవసరం కానప్పుడు, పెద్దమనిషి తరఫున తల్లి ఒప్పుకోలు చెల్లదంది కోర్టు. అక్కడ తల్లి, ఇక్కడ కొడుకు. పైగా మా అమ్మ మత్తులో కూడా లేదు, మెలకువగా నా పక్కనే ఉంది.

వెనకటి రోజులే నయమనడం లేదు. మా జేజి చివరిదాకా వంగే తిరిగింది. దాన్ని వయసన్నాం, ఓర్పన్నాం. లేమికి ఓర్పని పేరు పెట్టడం నాకు రోత. జమ్మలమడుగు మిషనాసుపత్రిలో పుట్టి, అక్కడే డాక్టరుగా పనిచేసి, 1973లో పులివెందులలో తండ్రి పేరున ఆసుపత్రి పెట్టిన వైఎస్ రాజశేఖరరెడ్డి, ముఖ్యమంత్రిగా 2007లో ఆరోగ్యశ్రీ తెచ్చాడు. ఆయన రాజకీయాల మీద ఎవరి అభిప్రాయం వాళ్ళది. కానీ డబ్బు లేకపోవడమే ఆపరేషన్‌కి జవాబుగా ఉన్న ఇళ్ళల్లో ఆ జవాబు మారింది. మా ఇంట్లో ఇన్సూరెన్స్ నాది, కార్డు నాది. జేజి తరఫున లేమి జవాబు చెప్పింది, అమ్మ తరఫున నా జీతం చెప్పింది. ఇద్దరినీ ఎవరూ అడగలేదు.

నేనెందుకు తొందరపడ్డాను? పోయిన దసరాకి ప్రొద్దుటూరు అమ్మవారిశాల దగ్గర, ఆ జనంలో, అమ్మ వరస వదిలి అరుగు మీద కూలబడింది. చుట్టాలు నా వైపు చూశారు. వంగిన తల్లి కొడుకు మీద ఫిర్యాదు లాంటిది. నేను నయం చేయాలనుకున్న నొప్పిలో ఎంత ఆమెది, ఎంత నాది?

పోయిన వారం ఊరికిపోయి అడిగాను.

"నువ్వు సరే అని చెప్పినావు గదా, ఇంగ నన్నెందుకు అడిగేది?"

"అయినా చెప్పు మా."

"అయినాక ఎన్ని నాళ్ళకు చేనికి పోవచ్చునంట?"

కొన్ని వారాలు వంగకూడదు, బరువులెత్తకూడదు అన్నాను. ఆమె కాసేపు ఆలోచించింది. "అంటే వంగేది కూడా ఉండదన్నమాట" అంది. "మల్ల అమ్మవారిశాలలో నిలబడుకుంటానా?" చాలామంది నిలబడగలుగుతున్నారు గానీ అందరూ కాదని చెప్పాను. డాక్టరు ముందు నేను అడగాల్సిన ప్రశ్నలు ఈ రెండే.

నిన్న ఆసుపత్రి నుంచి తేదీ కోసం ఫోన్ వచ్చింది. అమ్మని అడగాలన్నాను. "ఫారంలో మీ పేరే ఉంది కదా సార్" అంది ఆ అమ్మాయి. అమ్మ నంబరు ఇచ్చాను. మధ్యాహ్నం దాకా ఎత్తదు, చేనులో ఉంటుందని చెప్పాను.