వీరగల్లు ఎవరి బాధ్యత?

తెలుగునాట ఊరి పొలిమేరలలో, చెరువుగట్ల మీద, పాత ఆలయ ప్రాంగణాలలో సగం నేలలో కూరుకుపోయిన వీరగల్లులు కనిపిస్తుంటాయి. చిత్తూరు, కడప, అనంతపురం ప్రాంతాలలో ఇవి మరీ విస్తారం. పశువుల మందను కాపాడుతూనో, ఊరికి అడ్డునిలిచి పోరాడుతూనో ప్రాణాలర్పించిన వారి స్మృతికి నిలిపిన శిలలివి. కొన్నింటిపై అడుగున పోరు, నడుమ వీరుణ్ణి కొనిపోయే అప్సరసలు, పైన శివసన్నిధి, శిఖరాన సూర్యచంద్రులు చెక్కి ఉంటాయి. ఆ స్మృతి ఆచంద్రార్కం నిలవాలన్నది నాటివారి ఆకాంక్ష. మృతుని కుటుంబానికి భూమినిచ్చినట్లు తెలిపే శాసనాలూ ఉన్నాయి.

కాని భూమి చేతులు మారుతుంది. వంశీకులు వలసపోతారు. శాసనలిపి చదవగలవారు కరవవుతారు. అప్పుడా శిలను ఎవరు పట్టించుకోవాలి?

కుటుంబమే చూసుకోవాలనడం సులభం. అయితే శ్రాద్ధవిధి సైతం తండ్రి, తాత, ముత్తాత అనే మూడు తరాలనే పేర్కొంటుంది. దుఃఖానికి ఒక అవధి ఉంటుందని పెద్దలు గుర్తించారు. ఋణం సంగతి వేరు. ఊరికోసం మరణించినవానికి ఊరు ఋణపడింది. వారసులు లేకపోయినంత మాత్రాన అది తీరిపోదు. 1958 నాటి పురాతన కట్టడాల చట్టం జాతీయ ప్రాముఖ్యం గలవిగా ప్రకటితమైన వాటికే రక్షణ కల్పిస్తుంది. ఊరూరా ఉన్న వీరగల్లులలో అత్యధిక భాగం ఆ పరిధిలోకి రావు. 1976లో రాజ్యాంగంలో చేర్చిన 51ఎ అధికరణం మాత్రం సంస్కృతీ వారసత్వాన్ని కాపాడే విధిని ప్రతి పౌరునిపైన ఉంచింది.

జీర్ణోద్ధరణ పేరిట జరిగే అపచారమూ లేకపోలేదు. శిలకు రంగులు పూస్తే అక్షరాలు పూడిపోతాయి. సిమెంటు దిమ్మె కడితే అడుగు ఫలకం మరుగవుతుంది. ఉద్ధరించినవారి పేరు వీరుని పేరుకంటె పెద్దదైతే అది ఋణం తీర్చుకోవడం కాదు, కీర్తిని అరువు తెచ్చుకోవడం. మట్టి తొలగించి, శిలను నిలువుగా నిలిపి, శాసనాన్ని చదివించి, దాని అర్థాన్ని ఊరి పిల్లలకు తెలియజేస్తే చాలావరకు పని పూర్తయినట్లే.

పాత పోరును స్మరిస్తే పాత పగలు రగులుతాయన్న శంక మరొకటి. దీనికి పల్నాడు ఒక సమాధానమిస్తుంది. 12వ శతాబ్దంలో అక్కడ జరిగినది ఒకే తండ్రి బిడ్డల మధ్య యుద్ధం. నేటికీ ఏటా కార్తిక మాసపు అమావాస్యకు వీరాచారవంతులు తమ పూర్వుల ఆయుధాలైన కొణతాలతో కారంపూడి చేరి, నాగులేటిలో వాటికి స్నానం చేయిస్తారు. అయిదు రోజుల ఆ ఉత్సవంలో మందపోరునాడు కులభేదం లేకుండా అందరూ చాపకూడు ఆరగిస్తారు. ఒక్కొక్క కుటుంబం మోసుకొచ్చిన జ్ఞాపకం అక్కడ అందరిదీ అవుతుంది. కత్తిని మరువకుండానే కలిసి భుజించడం సాధ్యమని ఆ ఆచారం చూపుతున్నది. దిక్కులేని వీరగల్లును నిలబెట్టే ఊరు కూడా అటువంటి పనినే చేపడుతున్నది.